మహేంద్రగిరి ఎక్కించే గ్రూపుల వాళ్ళకి: ఎక్కినోళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది?

నమస్తే అండి.

శ్రీకాకుళం, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి, అటు విజయనగరం నుంచి కూడా ఆదివారం వస్తే కుర్రాళ్ళని పోగేసి మహేంద్రగిరి ట్రెక్కింగ్ అని తీసుకెళ్తున్న గ్రూపుల వాళ్ళందరికీ రాస్తున్నా. ఏ ఒక్క గ్రూపునీ పట్టుకుని అనట్లేదు. మీలో చాలామంది మొహాలు నాకు తెలీదు, ఇద్దరు ముగ్గురు మాత్రం నా క్లాసులో లెక్కలు చెప్పించుకున్న పిల్లలే, వాళ్ళు చదివితే ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోద్ది, తెలిసినా పర్లేదు.

మొన్న ఫోన్లో ఒక పోస్టర్ వచ్చింది. సన్‌రైజ్ ట్రెక్ అంట, అర్ధరాత్రి ఒంటిగంటకి నడక స్టార్ట్ అంట, అనుభవం అక్కర్లేదు ఎవరైనా ఎక్కేయొచ్చు అంట. కింద డబ్బులు వెయ్యడానికి నంబరు. ఎంతమందిని తీసుకెళ్తారు, ముందు ఎవరు నడుస్తారు, వెనక ఎవరుంటారు, ఎన్నింటికి దిగుతారు, దిగకపోతే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది, ఇవేవీ అందులో లేవు. అది చూశాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, ఎందుకంటే మూడేళ్ళ కిందట అదే కొండ మీద చీకట్లో దారి తెలీక కూర్చుండిపోయిన ఐదుగురిలో నేనొకణ్ణి.

జరిగింది జరిగినట్టు చెప్తాను, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

నవంబర్ ఆఖరి ఆదివారం. నేను, మా బావమరిది, వాడి ఫ్రెండ్స్ ఇద్దరు, మా స్కూల్లో సోషల్ చెప్పే మేస్టారు. పొద్దున్నే ఆరింటికి బయల్దేరాలనుకున్నాం, ఒకడి కోసం ఒకడు ఆగి, మందసలో టిఫిన్ చేసి, కోవా కట్టించుకుని, బైకులు కొండ కింద ఆఖరి ఊళ్ళో పెట్టేసరికి తొమ్మిదిన్నర. అది సవరల ఊరు, ఈ కొండల్లో ఉండే గిరిజనులు వాళ్ళు, ఊరి పేరు రాయను, వాళ్ళకి ఇబ్బందవ్వొచ్చు. అరుగు మీద ఒక తాత వెదురు బద్దలు చీలుస్తున్నాడు. తలెత్తి చూసి "ఎంతమంది బాబూ" అన్నాడు. ఐదుగురం తాతా అన్నాం. "బేగి దిగిపోండి, మద్దేనం దాటితే మబ్బు దిగిపోతాది" అన్నాడు. అలాగే తాతా అని చెప్పి నడక మొదలెట్టాం.

ఒంటిగంటకి ఒక గట్టు మీదకి చేరాం. అప్పటికే ఒకడికి కాళ్ళు పట్టేశాయి. కట్టెల మోపుతో దిగుతున్న ఒకాయన్ని ఇంకెంత దూరం అని అడిగితే "ఎంతో లేదు, ఒక్క కొండే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదండి, ఆయన కాళ్ళకి అది ఒక్క కొండే, మా కాళ్ళకి గంటా ముప్పావు పట్టింది. భీముడి గుడి దగ్గరకి వెళ్ళేసరికి రెండూ ముప్పావు. అక్కడికి వెళ్ళాక ఎవరికి దిగాలనిపిస్తుంది చెప్పండి, ఒకపక్క కొండలు వరసలు వరసలుగా, ఇంకోపక్క చూస్తే దూరంగా సముద్రం గీత గీసినట్టు. ఫొటోలు, వీడియోలు, కోవా, కబుర్లు. దిగడం మొదలెట్టేసరికి మూడూ ముప్పావు.

తాత చెప్పినట్టే మబ్బు దిగింది. మబ్బంటే పైన ఉండే మబ్బు కాదు, మనిషికి మనిషి కనపడకుండా దారి మీదకొచ్చి నిలబడే మబ్బు. పసుపు చేలు ఉన్నచోట దారి రెండుగా చీలింది, వచ్చేటప్పుడు అసలు అక్కడ రెండు దార్లున్నాయని ఎవరం చూళ్ళేదు, ఎక్కేటప్పుడు ఎప్పుడూ అంతే, దార్లన్నీ పైకొచ్చి కలిసినట్టుంటాయి, దిగేటప్పుడే అవి విడిపోతాయి. బాగా అరిగిన దారి పట్టుకున్నాం. అది మనుషుల దారి కాదు, పశువుల దారి. తిన్నగా ఒక గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, దింపేసింది. అక్కడ నాచు పట్టిన రాయి మీద మా బావమరిది జారాడు. చీలమండ క్షణాల్లో బొప్పిలా లేచిపోయింది, కాలు కింద పెట్టలేకపోయాడు. అప్పటికి ఐదున్నర, చీకటి.

మూడు ఫోన్లు వీడియోలకే చచ్చిపోయాయి. నా దాంట్లో పధ్నాలుగు పర్సెంటు ఉంది, సిగ్నల్ ఒక గీత వస్తోంది పోతోంది. 112 కొట్టాను, కలిసింది, అవతల ఒరియాలో మాట్లాడారు. నాకు ఒరియా వచ్చు కొంచెం, సోంపేట వైపు వాళ్ళకి ఎవరికైనా వచ్చు. కానీ ఎక్కడున్నారు అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కొండ మీద, గెడ్డ దగ్గర. ఆ కొండ మీద గెడ్డలు ఎన్నో ఉన్నాయి. లైను కట్ అయిపోయింది, మళ్ళీ కలవలేదు. వాళ్ళ తప్పేం లేదు, నేను ఒక్క పనికొచ్చే ముక్క కూడా చెప్పలేకపోయాను.

చలి. మంటేద్దామంటే అగ్గిపెట్టె లేదు, స్వెట్టర్లు బైకు డిక్కీలో ఉన్నాయి. మా బావమరిది ముందు నొప్పని అరిచాడు, తర్వాత అరవడం మానేశాడు, నాకు దానికే ఎక్కువ భయమేసింది.

ఎనిమిదిన్నర దాటాక పైనుంచి కేకలు వినపడ్డాయి, తర్వాత లైట్లు. నలుగురు వచ్చారు. ముందు నడుస్తున్న కుర్రాడు అన్నమాట నేను చచ్చేదాకా మర్చిపోను. "పొద్దున ఐదుగురు ఎక్కినారు, ఎవులూ దిగలేదని మా అయ్య పంపినాడు."

ఆ తాత అండి. అరుగు మీద కూర్చుని వెదురు చీలుస్తూ, మా పేర్లు తెలీదు, ఊరు తెలీదు, ఎంతమంది ఎక్కారో ఆ అంకె ఒక్కటి బుర్రలో పెట్టుకున్నాడు. సాయంత్రం బైకులు అలాగే ఉండడం చూసి కొడుకుని లేపి పంపించాడు. ఇరవై ఏళ్ళనుంచి నేను పిల్లల్ని ఎక్స్‌కర్షన్లకి తీసుకెళ్తున్నా, బస్సు ఎక్కేటప్పుడు తలలు లెక్కెడతాం, దిగేటప్పుడు లెక్కెడతాం, అరసవల్లి గుళ్ళోకి వెళ్ళి బయటకొచ్చినా లెక్కెడతాం, ఒక్క తల తగ్గితే బస్సు కదల్దు. ఆ రోజు మాత్రం మేం ఎక్కడికి వెళ్తున్నామో మా ఇంట్లోవాళ్ళకి కూడా సరిగ్గా చెప్పలేదు, కొండకి వెళ్తున్నాం అని మాత్రం చెప్పాం.

వాళ్ళు అక్కడికక్కడే ఒక వెదురు నరికి, దుప్పటి కట్టి, డోలీ చేశారు. నలుగురూ భుజాలు మార్చుకుంటూ ఆ చీకట్లో, ఆ మబ్బులో, మా బావమరిదిని మోశారు, వాడు డెబ్భై ఐదు కేజీలు ఉంటాడు. ఊళ్ళోకి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట. ఆ ఇంటావిడ చోడంబలి వేడి చేసి ఇచ్చింది. దుప్పటి ముళ్ళు విప్పుతూ ఆ కుర్రాడు, పోయిన నెల ఇదే దుప్పట్లో మా చెల్లిని పురుడుకి కిందకి మోశాం అన్నాడు. నాకు గుండె ఆగినట్టయ్యి పిల్ల బతికిందా అని అడిగాను. "బతికింది, ఆడపిల్ల" అన్నాడు.

కొండ మీద వాళ్ళకి డోలీ అంటే ఏంటో మన జిల్లాల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, పేపర్లో ఎన్నిసార్లు చూస్తాం, గర్భిణీని, జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి, పాము కరిచిన మనిషిని మోసుకొస్తున్న ఫొటోలు. రోడ్డు లేక వాళ్ళు వాళ్ళవాళ్ళ ప్రాణాల కోసం కట్టుకునే డోలీలో, ఆదివారం సరదాకి వెళ్ళిన మేం ఎక్కాం. అది కూడా వరికోతల టైము, మర్నాడు ఆ నలుగురూ కూలికి వెళ్ళలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. వారం తర్వాత బియ్యం, నూనె పట్టుకుని వెళ్తే తాత నా చెయ్యి పట్టుకుని "కాలు బాగయ్యిందా" అని అడిగాడు, అంతే.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నది ఏంటంటే, ఆ తాత ఆ రోజు బుర్రలో పెట్టుకున్న లెక్క, మీరు పుస్తకంలో పెట్టండి. కొండ కింద ఆఖరి ఊళ్ళో ఒక ఇంట్లో, వాళ్ళు ఒప్పుకుంటేనే, ఒక పుస్తకం ఉంచండి. ఎక్కే ప్రతి మనిషి పేరు, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు, ఎన్నింటికి ఎక్కారు, ఏ దారిన వెళ్తున్నారు, ఎన్నింటికల్లా దిగుతామని చెప్పారు. దిగాక ఎవరి పేరు వాళ్ళే కొట్టెయ్యాలి. కొట్టెయ్యని పేరుంటే ఆ మనిషి ఇంకా కొండ మీదున్నట్టు. ఎన్ని గంటలు చూసి ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా మొదటి పేజీలోనే రాసి ఉండాలి, లేకపోతే ఆ భారం మళ్ళీ ఆ ఊరివాళ్ళ నెత్తినే పడుద్ది. పుస్తకం చూసుకునే ఇంటికి మీరు వచ్చిన ప్రతిసారీ ఎంతో కొంత ఇవ్వండి, అది దానం కాదు, అది వాళ్ళు చేసే పనికి కూలి. అలాగే ఆ ఊరి మనిషిని ఒకర్ని తోడు తీసుకెళ్ళండి, మీ దగ్గర ఫోన్లో మ్యాప్ ఉన్నా సరే. ఏ చేను పక్కన దారి చీలుద్దో, ఏ గెడ్డ వానకి ముందు పొంగుద్దో మ్యాప్ చెప్పదు. ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ కావాల్సిన చోట అది తీసుకోవడం గురించి నేను చెప్పేదేముంది, డబ్బులు తీసుకుని జనాన్ని తీసుకెళ్తున్నప్పుడు అది మీ మొదటి పని.

రెండోది, తిరుగుటైము. మేం చేసిన తప్పు రాయి మీద జారడం కాదు, రెండూ ముప్పావుకి పైన ఉండడం. అసలు తప్పు ఒంటిగంటకి గట్టు మీద జరిగింది, అక్కడే వెనక్కి తిరగాలి. ఎక్కడున్నా సరే ఇన్నింటికి వెనక్కి తిరిగేస్తాం అని కిందనే, అందరి ముందూ, గట్టిగా చెప్పి ఎక్కండి. శిఖరం ఇంకో పావుగంట దూరంలో కనపడుతున్నా సరే తిరగండి. ఆ పావుగంటే అరగంటవుద్ది, అరగంట గంటవుద్ది, పైకి వెళ్ళాక కూర్చోకుండా ఎవడూ ఉండడు.

లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి ఒక లెక్క చెప్తా. కొండలు నడిచేవాళ్ళు ఎప్పట్నుంచో వాడే మోటు లెక్క ఒకటుంది, సాఫీగా నడిచే 5 కిలోమీటర్లకి ఒక గంట, దాని మీద ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. మన మందస వైపు నేల సముద్రానికి దగ్గర, పెద్ద ఎత్తు లేదు. అంటే దూరం సంగతి పక్కనపెట్టి ఎత్తుకే దగ్గర దగ్గర రెండున్నర గంటలు అదనం. అది కూడా అలవాటున్న కాళ్ళకి, ఆగకుండా నడిస్తే. పదిహేను మందిలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి టైమే మీ గ్రూపు టైము, ముందు నడిచేవాడిది కాదు. ఇంకొకటి, మనం రాష్ట్రానికి తూర్పు చివర ఉన్నాం, నవంబర్ ఆఖర్లో మనకి సాయంత్రం ఐదుంబావుకే పొద్దుగూకిపోద్ది, హైదరాబాద్ కంటే ఇరవై నిమిషాల పైనే ముందు. చెట్ల కింద, గెడ్డల్లో ఇంకా ముందే చీకటి. ఎత్తు పెరిగేకొద్దీ చలి కూడా, ప్రతి వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుద్ది, అంటే కింద హాయిగా ఉన్న రాత్రి పైన తొమ్మిదీ పది డిగ్రీలు తక్కువ, చెమటకి తడిసిన బనీను మీద గాలి కొడితే వణుకు ఆగదు. ఒక స్వెట్టరు, ఒక టార్చి, ఒక అగ్గిపెట్టె, ఒక విజిలు ప్రతి మనిషి దగ్గరా ఉందో లేదో చూసి ఎక్కించండి, లేనివాణ్ణి కింద ఆపెయ్యండి, తిట్టుకున్నా పర్లేదు.

ఇక్కడ ఒకమాట నాకు ఎప్పుడూ ఎదురొస్తుంది. "శివరాత్రికి మా నాయనమ్మ కూడా ఎక్కింది మేస్టారూ, ఆ కొండకి ఇంత భయమేంటి" అని. శివరాత్రికి ఎక్కుతారు, నిజమే, మా అమ్మా ఎక్కింది. కానీ ఆ రాత్రి కొండంతా మేలుకుని ఉంటుంది కదండి. ముందూ మనుషులే, వెనకా మనుషులే, దారంతా లైట్లు, భజనలు, కాలు బెణికితే పట్టుకోడానికి పది చేతులు. దారి తప్పాలన్నా తప్పలేరు. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులు ఆ కొండ వేరు.

పైన శిఖరం ఒడిశాలో ఉంది, గజపతి జిల్లా. కింద మన వైపు శ్రీకాకుళం జిల్లా. మనం ఎక్కేటప్పుడు ఆ గీత ఎక్కడ దాటామో తెలీదు, కానీ ఫోనుకి తెలుసు, ఏ టవరు దొరికితే దాన్ని బట్టి మీ 112 ఫోను అటూ వెళ్ళొచ్చు ఇటూ రావొచ్చు. అందుకే ఎక్కే ముందే ఆఖరి ఊరి పేరు, మండలం, జిల్లా, అటువైపు అయితే బ్లాకు పేరు, ఇవన్నీ కాయితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్లో లొకేషన్ అంకెలు ఎలా చూడాలో అందరికీ కిందనే నేర్పండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ ఆ అంకెలు చూపిస్తుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంకా మంచిది. ఆ అంకెలు నా దగ్గరుంటే ఆ రోజు ఆ ఒక్క ఫోనూ వేస్టయ్యేది కాదు. గ్రూపులో ఒక ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫొటోలకి కూడా తియ్యకుండా, సంచిలో దాచెయ్యండి.

ఇంకో సంగతి, పర్లాకిమిడి వైపు నుంచి దాదాపు పైదాకా బండ్లు వెళ్తాయి. అంటే బాగా పైన ఎవరికైనా దెబ్బ తగిలితే మన వైపు కిందకి మోసుకురావడం కంటే పైకి ఎక్కించి అటు పంపడమే దగ్గర కావొచ్చు. ఎక్కడిదాకా వస్తే పైకి, ఎక్కడ దాటకపోతే కిందకి, ఈ నిర్ణయం దెబ్బ తగిలాక ఆలోచించేది కాదు, ముందే తోడొచ్చే ఊరి మనిషితో మాట్లాడుకోవాలి.

వాన గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. మహేంద్రతనయ ఈ కొండల్లోనే పుట్టి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది, కింద మనం చూసే ఆ నది పైన ఇలాంటి చిన్న చిన్న గెడ్డలే. మీరు నిలబడ్డచోట చినుకు ఉండదు, పైన ఎక్కడో కుంభవృష్టి కురుస్తుంది, మోకాల్లోతు గెడ్డ చూస్తుండగానే నడుంలోతు అవుద్ది, నీళ్ళు ఎర్రగా మారి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే అదే ఆఖరి హెచ్చరిక. దాటకండి. అవతల ఊరు కనపడుతున్నా దాటకండి. గెడ్డ ఎంత త్వరగా పొంగుద్దో అంత త్వరగా తీసేస్తుంది కూడా, గట్టు మీద కూర్చుంటే కొన్ని గంటలు పోతాయి, అంతే. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటేద్దాం అనే ఐడియా ఎవడికొచ్చినా అక్కడే ఆపండి.

తిత్లీ తుపాను ఎవరూ మర్చిపోలేదు కదా. 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి మొత్తం నేల మీద పడిపోయాయి, మనం అది చూసి ఏడ్చాం. కానీ అదే తుపానుకి అటు గజపతి జిల్లాలో బరఘరా అనే ఊరి దగ్గర కొండచరియ విరిగి పడి జనం చచ్చిపోయారు, అది మన వైపు చాలామందికి తెలీదు. ఇలాంటి కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళకే ఆ వానకి తప్పించుకునే దారి దొరకలేదు. మనకి అక్టోబర్, నవంబర్ నెలలు వాతావరణం బాగుంటుందని మీరు ట్రెక్కులు పెడతారు, తుపాన్లొచ్చేవీ ఆ నెలలే. అల్పపీడనం అని వార్త వస్తే ట్రెక్కు క్యాన్సిల్ చేసి డబ్బులు వెనక్కి ఇచ్చెయ్యండి. డబ్బులు వెనక్కి ఇవ్వాల్సొస్తుందనే భయం వల్లే చాలామంది క్యాన్సిల్ చెయ్యరని నాకు అనిపిస్తుంది, అందుకే వాన పడితే తిరిగి ఇస్తాం అని పోస్టర్ మీదే రాసెయ్యండి, అప్పుడు మీ మీద ఆ ఒత్తిడి ఉండదు.

వేసవిలో వెళ్ళేవాళ్ళకి పిడుగులు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఆకాశం శుభ్రంగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక ఒక్కసారి ఉరుములు. శిఖరం మీద అంతా బయలు, నిలబడ్డ మనిషే ఎత్తు. మెరుపు చూశాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినపడితే మీరు ప్రమాదంలో ఉన్నట్టే, వెంటనే గట్టు దిగిపోవాలి, ఒంటి చెట్టు కింద నిలబడకూడదు, ఆఖరి ఉరుము వినపడ్డాక కూడా అరగంట ఆగాలి. దామిని అని ఒక యాప్ ఉంది, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళు చేసింది, దగ్గర్లో పిడుగు పడే అవకాశం ఉంటే చెప్తుంది, అందరి ఫోన్లలో వేయించండి. కానీ సిగ్నల్ లేనిచోట అది పనిచెయ్యదు, అక్కడ మీ చెవులే దిక్కు.

అర్ధరాత్రి నడక మాత్రం దయచేసి మానెయ్యండి. చేతులు జోడించి అడుగుతున్నా. ఎలుగుబంట్లు తిరిగేది రాత్రి, తెల్లారుజాము. ఉద్దానంలో జీడితోటకి పొద్దున్నే వెళ్ళే రైతుని అడగండి ఎలుగంటే ఏంటో. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకాయన ప్రాణం పోయింది, ఆ వెంటనే ఇంకొంతమందిని గాయపరిచింది, అది కొండ మీద కూడా కాదు, ఊరి పక్క తోటలో. ఎలుగు మనిషిని తినడానికి రాదు, అకస్మాత్తుగా ఎదురుపడితే భయపడి మీద పడుద్ది, అందుకే మాట్లాడుకుంటూ, గుంపుగా, వెలుతుర్లో నడవాలి. పనసపళ్ళ కాలంలో ఇంకా జాగ్రత్త. ఒడిశా లఖారి వైపు నుంచి ఏనుగులు మన జిల్లాల్లోకి వస్తున్న సంగతీ మీకు తెలుసు, గుంపు ఎక్కడుందో ఫారెస్ట్ వాళ్ళకి తెలుస్తుంది, ఎక్కేముందు ఒక ఫోన్ చేస్తే సరిపోద్ది. సూర్యోదయం చూడాలంటే బారువ బీచ్‌లో చూడొచ్చు, చాలా బాగుంటుంది.

పాముల గురించి ఒక్క ముక్క, కరిస్తే కొయ్యకూడదు, పీల్చకూడదు, బిగించి కట్టకూడదు, ఆ మనిషిని నడిపించకూడదు. కాలు కదలకుండా కర్ర కట్టి మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళడమే. మన దేశంలో వాడే యాంటీవెనమ్ ముఖ్యంగా నాలుగు రకాల పాముల విషానికి తయారు చేసింది, గిరినాగు దాంట్లో లేదు. కాబట్టి బూట్లు, టార్చి, చూసి అడుగెయ్యడం, ఇదే అసలైన మందు. చెప్పులతో వచ్చిన వాణ్ణి ఎక్కించొద్దు.

రాత్రి పైన టెంటు వేసి పడుకుందాం అనేవాళ్ళకి దోమతెర లేకుండా పడుకోవద్దని చెప్తాను, మలేరియా ఇంకా పోలేదు. మన గిడుగు రామ్మూర్తి పంతులుగారు, ముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863లో పుట్టినాయన, పర్లాకిమిడిలో పనిచేస్తూ ఈ కొండల్లో సవరల మధ్య తిరిగి వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని ఎంత కష్టపడ్డారో మీకు తెలుసు. ఆ తిరుగుళ్ళలో మలేరియా వచ్చి, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. మన పక్కనే ఉన్న ఈ కొండవాళ్ళ దగ్గరకి ఆయన వెళ్ళిన తీరు వేరు, ఒక మాట నేర్చుకోడానికి వెళ్ళారు. మీ గ్రూపుల్లో ఎంతమందికి సవరలో నీళ్ళని ఏమంటారో, దారి ఎటు అని ఎలా అడగాలో తెలుసు? నాకూ అప్పుడు తెలీదు, ఆ తాత మనవడి దగ్గర ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా. కష్టంలో ఉన్నప్పుడు ఆ రెండు మాటలు వచ్చినా చాలు.

గుళ్ళ మీదకెక్కి ఫొటోలు తియ్యించొద్దు. మన ముఖలింగం గంగరాజులు వాళ్ళ శాసనాల్లో మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుణ్ణి కులదైవంగా చెప్పుకున్నారు, వందల ఏళ్ళ రాళ్ళు అవి, కాలు పెడితే కదిలేవి ఉన్నాయి, పడితే మనిషీ పోతాడు రాయీ పోతుంది. ప్లాస్టిక్ సంగతి వేరే చెప్పను, తీసుకెళ్ళింది తిరిగి తెచ్చుకోండి.

కొండ ఎక్కొద్దని నేను అనట్లేదు. మా డాబా మీద నుంచి రోజూ పొద్దున్న ఆ కొండే చూస్తాను, పిల్లలు ఫోన్లు పక్కన పడేసి ఆ చలిలో నడిచి ఆ గాలి పీలిస్తే నాకంటే సంతోషపడేవాడు లేడు. మీ గ్రూపుల్లో డిగ్రీ పిల్లలుంటారు, ఇంట్లో చెప్పకుండా వచ్చే ఆడపిల్లలు కూడా ఉంటారు, వాళ్ళే నాకు ఎక్కువ దిగులు, ఎందుకంటే వాళ్ళు రాకపోతే ఎక్కడ వెతకాలో ఇంట్లోవాళ్ళకి తెలీదు. ఆ పిల్లల పేర్లు కూడా పుస్తకంలో ఉండాలి, ఇంటి నంబరు ఇవ్వడానికి భయపడితే ఒక ఫ్రెండ్ నంబరైనా ఉండాలి.

పోయిన వారం ఆ ఊరు వెళ్ళి తాతతో మాట్లాడాను. పుస్తకం వాళ్ళ ఇంట్లో పెట్టడానికి ఒప్పుకున్నాడు, ఆయనకి చదువు రాదు, మనవడు తొమ్మిది చదువుతున్నాడు, వాడు చూసుకుంటానన్నాడు. మొదటి పుస్తకం నేను కొన్నాను, మూడొందల పేజీలది, అట్ట వేసి, గళ్ళు గీసి, పెన్ను దారంతో కట్టి ఇచ్చాను. తాత అడిగింది ఒక్కటే, వచ్చినోళ్ళు దిగినాక చెప్పకుండా ఎల్లిపోతే నాను రాత్రంతా పడుకోలేను బాబూ, దిగినామని చెప్పి ఎల్లమను అన్నాడు. ఈ ఆదివారం నేను అక్కడే ఉంటాను, పొద్దున్న ఆరింటి నుంచి. వచ్చేవాళ్ళు వచ్చి మొదటి పేజీలో పేర్లు రాయండి.

మీ
లెక్కల మేస్టారు,
సోంపేట దగ్గర నుంచి